ఐరిష్ వలస గీతాలు – చరిత్ర, జ్ఞాపకం

విషయ క్రమం
14.0 లక్ష్యాలు
14.1 పరిచయం
14.2 చారిత్రక నేపథ్యం: కరువు, వలస
14.3 గీతాలు పుట్టిన తీరు, వ్యాపించిన తీరు
14.4 నాలుగు గీతాల పరిశీలన
14.5 వినేవారి జ్ఞాపకం
14.6 పాటలు చెప్పని విషయాలు
14.7 పాటను ఆధారంగా వాడే పద్ధతి
14.8 సారాంశం
14.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు
14.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

14.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• 19వ శతాబ్దంలో ఐర్లాండ్ నుంచి జరిగిన వలసలకు కారణాలను వివరించగలుగుతారు.
• వలస గీతాలు ఎవరు రాశారో, ఎలా వ్యాపించాయో చెప్పగలుగుతారు.
• ఒక సంఘటనకూ, ఆ సంఘటనను గురించిన సామూహిక జ్ఞాపకానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• పాటను చారిత్రక ఆధారంగా ఉపయోగించేటప్పుడు వేయవలసిన ప్రశ్నలను పేర్కొనగలుగుతారు.

14.1 పరిచయం

2012 జూన్ 14న పోలండ్‌లోని గ్డాన్‌స్క్ నగరంలో ఐర్లాండ్, స్పెయిన్ ఫుట్‌బాల్ జట్ల మధ్య యూరోపియన్ ఛాంపియన్‌షిప్ పోటీ జరిగింది. ఐర్లాండ్ 4–0 తేడాతో ఓడిపోయింది. ఇక గెలిచే ఆశ లేదని తేలిన చివరి నిమిషాల్లో వేలాది ఐరిష్ అభిమానులు ఒకే గొంతుతో ఒక పాట అందుకున్నారు. కరువులో పిల్లల ఆకలి తీర్చడానికి మొక్కజొన్న దొంగిలించి పట్టుబడ్డ మనిషినీ, అతన్ని ఎక్కించుకొని సముద్రం దాటబోయే ఓడనూ, ఒడ్డున మిగిలిపోయే భార్యనూ గురించిన పాట అది. పేరు 'ది ఫీల్డ్స్ ఆఫ్ అథెన్రై'.

అక్కడ పాడిన వాళ్లలో ఆ కరువును చూసినవారు ఒక్కరూ లేరు. అది జరిగి అప్పటికి 160 ఏళ్లు దాటింది. ఇంకో విషయం కూడా మీరు గమనించాలి. ఆ పాట కరువు కాలం నాటిది కాదు. దాన్ని పీట్ సెయింట్ జాన్ అనే రచయిత 1970లలో రాశాడు. అయితే ఆ అభిమానులు గుర్తు చేసుకున్నది దేన్ని? తాము చూడని కరువునా, తాతల దగ్గర విన్న కథనా, లేక చిన్నప్పటి నుంచి పాడుతూ వచ్చిన పాటనే గుర్తు చేసుకున్నారా?

ఇంతకు ముందు భాగాల్లో మీరు శాసనాలు, ప్రభుత్వ రికార్డులు, జనాభా లెక్కలు మొదలైన ఆధారాలను గురించి తెలుసుకున్నారు. పాట వాటివంటి ఆధారం కాదు. దాంట్లో తేదీలు తప్పుతాయి, పేర్లు మారతాయి, పాడేవాళ్లు చరణాలు కలుపుతారు, తీసేస్తారు. అయినా చరిత్రకారుడు దాన్ని పక్కన పెట్టలేడు. వలస గీతం తాను వర్ణించే సంఘటన కంటే, దాన్ని పాడినవారి, విన్నవారి జ్ఞాపకాన్నే ఎక్కువగా తెలియజేస్తుంది. ఈ విషయాన్ని ఐర్లాండ్ ఉదాహరణతో పరిశీలించడమే ఈ భాగం ఉద్దేశం.

14.2 చారిత్రక నేపథ్యం: కరువు, వలస

1801లో అమల్లోకి వచ్చిన విలీన చట్టంతో ఐర్లాండ్ బ్రిటన్‌తో కలిసి ఒకే రాజ్యం అయింది. భూమిలో అత్యధిక భాగం కొద్దిమంది భూస్వాముల చేతుల్లో ఉండేది. వారి కింద పెద్ద కౌలుదారులు, చిన్న కౌలుదారులు, అందరికంటే అడుగున చిన్న మడి చెక్క పెట్టుకొని కూలి చేసుకొని బతికే కుటుంబాలు ఉండేవి. కౌలు కట్టడానికి ధాన్యం, పశువులు అమ్మేవారు. తినడానికి బంగాళాదుంపే దిక్కు. తక్కువ నేలలో ఎక్కువ పండే పంట కాబట్టి పేదల బతుకంతా దాని మీదే ఆధారపడింది.

1845 శరదృతువులో ఫైటోఫ్తోరా ఇన్‌ఫెస్టాన్స్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే తెగులు బంగాళాదుంప పంటకు సోకింది. ఆకులు నల్లబడి, దుంపలు నేలలోనే కుళ్లిపోయాయి. 1846లో పంట దాదాపు పూర్తిగా పోయింది. ప్రధాని రాబర్ట్ పీల్ ప్రభుత్వం అమెరికా నుంచి మొక్కజొన్న తెప్పించింది. 1846లో అధికారానికి వచ్చిన జాన్ రసెల్ ప్రభుత్వం మొదట కరువు పనుల మీద ఆధారపడింది. 1847 వేసవిలో గంజి కేంద్రాలు తెరిచి, ఒక దశలో రోజుకు సుమారు 30 లక్షల మందికి ఆహారం పెట్టింది. అయితే కొద్ది నెలల్లోనే వాటిని మూసివేసి భారమంతా స్థానిక పేదల చట్టం మీద, పేదల శరణాలయాల మీద వదిలేసింది. పావు ఎకరం మించి భూమి సాగు చేసుకుంటున్న వారికి సహాయం అందదని అదే ఏడాది చేసిన నిబంధనతో, తిండి కావాలంటే భూమి వదులుకోవలసి వచ్చింది. ఐర్లాండ్ నుంచి ఆహార పదార్థాల ఎగుమతి మాత్రం కరువు కాలమంతా ఆగలేదు.

ఈ సహాయ వ్యవహారాలను లండన్ ఖజానా శాఖ నుంచి నడిపిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. 'అథెన్రై' పాటలో మొక్కజొన్నకు తగిలించి చెప్పే పేరు ఈయనదే. ఈయనే 1859–60లో మద్రాసు గవర్నరుగా పనిచేశాడు. నేటి కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే.

1845–52 మధ్య ఆకలితో, జ్వరాలతో సుమారు 10 లక్షల మంది మరణించారు. ఇంచుమించు అంతమందే దేశం వదిలి వెళ్లారు. 1841లో 81.75 లక్షలున్న జనాభా 1851 నాటికి 65.52 లక్షలకు పడిపోయింది. కౌలు కట్టలేని కుటుంబాలను భూస్వాములు బేదఖలు చేశారు. 1849–54 మధ్య బేదఖలైన వారు పోలీసు లెక్కల ప్రకారమే సుమారు రెండున్నర లక్షల మంది. 1847లో కెనడా చేరిన ఓడల్లో జ్వరాలు ప్రబలి, సెయింట్ లారెన్స్ నదిలోని గ్రోస్ ఈల్ క్వారంటైన్ దీవిలోనే 5,000 మందికి పైగా ఖననమయ్యారు. ఆ ఓడలకు 'శవపేటిక ఓడలు' అనే పేరు ఇలాగే వచ్చింది.

కరువు తగ్గినా వలస ఆగలేదన్న సంగతి మీరు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. 1801–1921 మధ్య ఐర్లాండ్ వదిలి వెళ్లిన వారు సుమారు 80 లక్షలు. 1911 నాటికి జనాభా 43.90 లక్షలకు తగ్గింది. కరువు తరవాత భూమిని పంచుకోవడం మానేసి, ఒక్క కొడుక్కే కమతం అప్పగించే ఆచారం బలపడింది. ఒక కూతురికి కట్నం ఇచ్చి పెళ్లి చేయగలిగేవారు. మిగిలిన పిల్లలకు ఊళ్లో చోటు లేదు. ముందు వెళ్లిన అక్కో అన్నో డబ్బు కట్టి టికెట్టు పంపితే తరవాతి వారు బయలుదేరేవారు. ఈ విధంగా వలస ప్రతి ఇంటికీ మామూలు వ్యవహారమైపోయింది.

14.3 గీతాలు పుట్టిన తీరు, వ్యాపించిన తీరు

ఐర్లాండ్ పల్లెల్లో ఎవరైనా చనిపోతే రాత్రంతా శవం దగ్గర బంధుమిత్రులు మేలుకొని ఉండే ఆచారం ఉండేది. అమెరికాకు వెళ్లేవారికి కూడా బయలుదేరే ముందురాత్రి అటువంటి జాగారమే చేసేవారు. దాన్ని 'అమెరికన్ వేక్' అనేవారు. ఇరుగుపొరుగు వచ్చేవారు. తినడం, తాగడం, నాట్యం, పాటలు తెల్లవార్లూ సాగేవి. తెల్లవారేసరికి ఏడుపులు మొదలయ్యేవి. వెళ్లినవారిలో తిరిగి వచ్చేవారు చాలా తక్కువ కాబట్టి ఆ వీడ్కోలును చావుతో సమానంగా భావించారు. వలస గీతాలు పాడే మొదటి వేదిక ఇదే.

రెండవ వేదిక సంత. వీధి గాయకులు సంతల్లో, కూడళ్లలో కథాగేయాలు పాడుతూ, ఒకే కాగితం మీద అచ్చువేసిన పాటను చిల్లర డబ్బులకు అమ్మేవారు. కాగితం మీద మాటలే ఉండేవి, స్వరం ఉండేది కాదు. తెలిసిన వరసలో పాడుకోవలసిందే. ఈ పాటల్లో చాలావాటికి ఒకే నడక ఉంటుంది. నాయకుడు తన పేరు, ఊరు చెబుతాడు. తల్లి దగ్గర సెలవు తీసుకుంటాడు. ఓడ, తుఫాను, కొత్త రేవు వస్తాయి. చివరకు సొంత ఊరి మీద బెంగ మిగులుతుంది. నడక ఒకటే కావడంతో పాడేవాళ్లు అందులోని ఊరు పేరు తీసి తమ ఊరు పేరు పెట్టుకోవడం తేలికైంది.

మూడవ వేదిక అమెరికా. న్యూయార్క్, బోస్టన్, షికాగో నగరాల్లోని ఐరిష్ సంఘాల సభల్లో, సెయింట్ పాట్రిక్ దినోత్సవాల్లో, నాటకశాలల్లో ఈ పాటలు వినిపించేవి. 20వ శతాబ్దంలో గ్రామఫోన్ వచ్చాక అథ్లోన్‌లో పుట్టి 1917లో అమెరికా పౌరుడైన గాయకుడు జాన్ మెకార్మక్ రికార్డులు ఐరిష్ అమెరికన్ల ఇళ్లలో మోగాయి. పాటల సేకరణ వలసభూమిలో కూడా సాగింది. కార్క్ జిల్లా నుంచి వెళ్లి షికాగో పోలీసు శాఖకు అధిపతి అయిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో 1,850 ఐరిష్ వరసలను పుస్తకంగా అచ్చువేశాడు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
సూచన: మీ జవాబును భాగం చివర ఇచ్చిన జవాబుతో సరిచూసుకోండి.
1. కరువు ముగిసిన తరవాత కూడా వలస కొనసాగడానికి కుటుంబంలో వచ్చిన ఏ మార్పు కారణమైంది?
2. 'అమెరికన్ వేక్' అంటే ఏమిటి?

14.4 నాలుగు గీతాల పరిశీలన

14.4.1 స్కిబరీన్

స్కిబరీన్ కార్క్ జిల్లాలోని చిన్న పట్టణం. కరువు అతి దారుణంగా తాకిన ప్రాంతాల్లో ఇదొకటి. అక్కడి అబ్బీస్ట్రూరీ శ్మశానంలోని సామూహిక సమాధుల్లో 8,000 నుంచి 10,000 మంది వరకు ఉంటారని అంచనా.

'స్కిబరీన్' పాట తండ్రీకొడుకుల సంభాషణ. అంత అందమైన దేశాన్ని ఎందుకు వదిలి వచ్చావని అమెరికాలో పెరిగిన కొడుకు అడుగుతాడు. తెగులు పడిన పంట, కట్టలేని కౌలు, ఇంటికి నిప్పు పెట్టించిన భూస్వామి, తల్లి మరణం, 1848 తిరుగుబాటులో తన పాత్ర ఒక్కొక్కటిగా తండ్రి చెబుతాడు. విన్న కొడుకు పగ తీర్చుకుంటానని ప్రతిజ్ఞ చేస్తాడు.

ఈ పాట తొలి ముద్రణల్లో ఒకటి 1880లో బోస్టన్‌లో వెలువడిన పాటల పుస్తకంలో కనిపిస్తుంది. ఆ తేదీని ఆలోచించండి. 1879 అక్టోబరులో ఐరిష్ ల్యాండ్ లీగ్ ఏర్పడింది. కౌలుదారుల హక్కుల కోసం నిధులు సేకరించడానికి 1880 మొదట్లో చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్ అమెరికాలో పర్యటించాడు. ముప్పై ఏళ్ల నాటి కరువును ఆ సమయంలో పాడుకోవడం కేవలం దుఃఖం కోసం కాదు. తండ్రి జ్ఞాపకం కొడుకు రాజకీయంగా మారే క్రమాన్ని ఈ పాట కళ్లకు కట్టిస్తుంది.

పాటలోని కథ కల్పితమే కావచ్చు. కాని అటువంటి జీవితాలు నిజంగానే ఉన్నాయి. జెరెమయా ఓడోనవన్ రోసా ఆ ప్రాంతంవాడే. 1847లో అతని తండ్రి చనిపోయాడు. తరవాత తల్లి, తోబుట్టువులు అమెరికా వెళ్లిపోగా అతనొక్కడే స్కిబరీన్‌లో బంధువుల దగ్గర మిగిలాడు. పెద్దయ్యాక ఫీనియన్ విప్లవోద్యమంలో చేరి, బ్రిటిష్ జైళ్లలో శిక్ష అనుభవించి, 1871లో అమెరికాకు ప్రవాసం వెళ్లాడు. తన వాళ్లు బయలుదేరిన రోజును 1898లో ప్రచురించిన స్మృతుల్లో, అర్ధ శతాబ్దం తరవాత కూడా ఆ ఏడుపులు చెవుల్లో ఉన్నట్టే వర్ణించాడు.

14.4.2 లేడీ డఫెరిన్ గీతం

భార్య సమాధి దగ్గర కూర్చొని, ఆమెను ఒంటరిగా వదిలి అమెరికా వెళుతున్న పేదవాడి మాటలతో సాగే 'లామెంట్ ఆఫ్ ది ఐరిష్ ఎమిగ్రెంట్' 19వ శతాబ్దంలో ఎంతో ప్రసిద్ధి పొందింది. దీని రచయిత్రి హెలెన్, లేడీ డఫెరిన్ (1807–67). నాటకకర్త షెరిడన్ మనుమరాలు, డౌన్ జిల్లాలోని భూస్వామి కుటుంబపు కోడలు. వలస వెళ్లవలసిన అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు.

ఈ పాటను 'స్కిబరీన్'తో పోల్చి చూడండి. రెండింటిలోనూ భార్య మరణం ఉంది, పేదరికం ఉంది. లేడీ డఫెరిన్ పాటలో మాత్రం నేరస్థుడు లేడు. దుఃఖం ఉంది, కోపం లేదు. భూస్వామి కుటుంబానికి పేదల మీద జాలి లేదని దీని అర్థం కాదు. ఆమె కుమారుడు 1847లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థిగా ఉండగా స్కిబరీన్ వెళ్లి కరువును స్వయంగా చూసి, ఆ ప్రయాణాన్ని చిన్న పుస్తకంగా ప్రచురించాడు. 1884–88 మధ్య భారతదేశానికి వైస్రాయిగా వచ్చిన లార్డ్ డఫెరిన్ ఇతనే. భూమి ఎవరిదన్న ప్రశ్న లేకుండానే వలసకు కన్నీరు కార్చవచ్చునని మాత్రం ఈ పాట వల్ల మనకు తెలుస్తుంది.

14.4.3 స్పాన్సిల్ హిల్

పై రెండింటికీ భిన్నంగా, ఇది వలస వెళ్లినవాడు స్వయంగా రాసిన పాట. మైకేల్ కన్సిడైన్ క్లేర్ జిల్లాలోని స్పాన్సిల్ హిల్ ప్రాంతంవాడు. ఏటా జూన్‌లో గుర్రాల సంత జరిగే ఊరది. 1870 ప్రాంతంలో అమెరికా వెళ్లి, చిన్న వయసులోనే 1873లో కాలిఫోర్నియాలో మరణించాడు. తన పాటను ఇంటికి పంపాడు.

ఈ పాటలో కరువు లేదు, భూస్వామి లేడు. ఒక కల ఉంది. కలలో సముద్రం దాటి ఊరికి వెళతాడు. సంత ముందు రోజున తెలిసినవాళ్ల ఇళ్లన్నీ తిరుగుతాడు. ప్రియురాలిని కలుస్తాడు. కోడి కూతకు మెలకువ వచ్చి చూస్తే కాలిఫోర్నియాలోనే ఉంటాడు. అసలు పాఠంలో ఊరి మనుషుల పేర్లు, ఇళ్ల ఆనవాళ్లు ఎక్కువగా ఉన్నాయి. పాట ఊరు దాటి వ్యాపించే కొద్దీ వాటిలో కొన్ని తగ్గాయి, కొన్ని మారాయి. ఆ ఊరివాళ్లకు ప్రతి పేరూ ఒక మనిషి. దూరాన ఉన్న శ్రోతకు ఆ పేర్లతో పనిలేదు, కల ఉంటే చాలు. ఒక్క మనిషి జ్ఞాపకం అందరి జ్ఞాపకంగా మారేటప్పుడు మొదట రాలిపోయేవి ఇటువంటి వివరాలే.

14.4.4 ది ఫీల్డ్స్ ఆఫ్ అథెన్రై

ఈ పాటను పరిచయంలో ప్రస్తావించాం. ఇది 1880ల నాటి అచ్చు కాగితం నుంచి తీసుకున్నదని కొందరు ప్రచారం చేశారు. రచయిత దాన్ని ఖండించాడు. పాటలో ఖైదీని పంపేది ఆస్ట్రేలియాలోని బోటనీ బేకు. నిజానికి న్యూ సౌత్ వేల్స్‌కు ఖైదీలను పంపడం సాధారణంగా 1840లోనే నిలిచిపోయింది. కరువు కాలంలో శిక్షపడిన ఐరిష్ ఖైదీల్లో ఎక్కువమందిని నేటి టాస్మేనియాకు పంపేవారు.

కాబట్టి 1847 నాటి శిక్షల అమలు తెలుసుకోవడానికి ఈ పాట పనికిరాదు. కాని 1970ల తరవాతి ఐర్లాండ్ తన గతాన్ని ఏ రూపంలో గుర్తుంచుకోదలచిందో తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి ఆధారం దొరకడం కష్టం.

14.5 వినేవారి జ్ఞాపకం

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మోరిస్ హాల్‌బ్వాక్స్ 1925లో ప్రచురించిన గ్రంథంలో, మనిషి ఒంటరిగా గుర్తుంచుకోడని, కుటుంబం, మతం, వర్గం వంటి సమూహాలు ఇచ్చే చట్రంలోనే గుర్తుంచుకుంటాడని వాదించాడు. దీన్నే సామూహిక స్మృతి అంటారు. ఐరిష్ వలస గీతం అటువంటి చట్రాల్లో ఒకటి.

అమెరికాలో పుట్టిన రెండవ, మూడవ తరం వాళ్లు ఐర్లాండ్‌ను చూడలేదు. అయినా పాట వింటే కన్నీళ్లు పెట్టుకొనేవారు. ఆ కన్నీళ్లు చాలావరకు దేశం కోసం కావు. ఆ పాట పాడిన తల్లి కోసం, ఆదివారం సాయంత్రం ఆ రికార్డు పెట్టుకొని మౌనంగా కూర్చొనే తాత కోసం. పాటలోని ఊరు వెనక్కి పోయి, పాట విన్న ఇల్లు ముందుకు వస్తుంది. జేమ్స్ జాయిస్ 1914లో వెలువరించిన 'డబ్లినర్స్' సంపుటిలోని 'ది డెడ్' కథలో ఒక భార్య మెట్ల మీద నిలబడి పాత పాట వింటుంది. ఆమె ముఖంలోని భావం చూసి భర్త ఏదో ఊహించుకుంటాడు. ఆమె తలచుకుంటున్నది ఆ పాట పాడుతూ ఉండి చిన్న వయసులోనే చనిపోయిన ఒక కుర్రవాణ్ణి. పక్కపక్కనే ఉన్న ఇద్దరికి కూడా ఒకే పాట ఒకే జ్ఞాపకాన్ని తేదు.

పాట ఎవరిది అన్న ప్రశ్నకు కూడా శ్రోతలే జవాబిస్తారు. 'డానీ బాయ్' మాటలు రాసింది ఫ్రెడరిక్ వెదర్లీ అనే ఆంగ్ల న్యాయవాది. వరస మాత్రం ఐర్లాండ్‌ది. లిమావడీ పట్టణంలో జేన్ రాస్ సేకరించగా 1855లో అచ్చయింది. ఆ వరసను అమెరికాలో ఉన్న సోదరుడి భార్య వెదర్లీకి పంపింది. 1913లో పాట వెలువడింది. అంటే ఆ వరస కూడా సముద్రం దాటి వెళ్లి వచ్చినదే. ఈ పాటలో వీడ్కోలు చెబుతున్నది తల్లా, తండ్రా, ప్రియురాలా అన్నది తేలదు. అతడు ఎక్కడికి, ఎందుకు వెళుతున్నాడో కూడా తెలియదు. ఆ ఖాళీని ప్రతి శ్రోతా తన ఇంటి మనిషితో నింపుకుంటాడు. 'ఐ విల్ టేక్ యూ హోమ్ ఎగైన్, క్యాథ్లీన్' పాటను 1875లో రాసిన థామస్ వెస్టెండార్ఫ్ అమెరికన్. అందులో ఐర్లాండ్ పేరే లేదు. ఐరిష్ అమెరికన్లు దాన్ని తమదిగా చేసుకున్నారు. అందుకే అది ఐరిష్ పాటగా పేరుపొందింది.

సంప్రదాయ గాయకులకు ఈ బంధం ఇంకొక విధంగా ఉండేది. కనమారా ప్రాంతంలోని కార్నా నుంచి వచ్చిన జో హీనీ ఐరిష్ భాషలో వందలాది పాటలు తెలిసినవాడు. 1960లలో అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో ఒక అపార్ట్‌మెంట్ భవనానికి ద్వారపాలకుడిగా పనిచేశాడు. తరవాత సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పాట నేర్పాడు. 1982లో అమెరికా జాతీయ వారసత్వ పురస్కారం పొంది, 1984లో మరణించాడు. వలస పాట పాడిన వ్యక్తే వలస కూలీ కూడా కావడం ఐరిష్ చరిత్రలో అరుదైన విషయం కాదు.

ఈ జ్ఞాపకాన్ని రాజ్యం కూడా గుర్తించింది. 1990లో అధ్యక్షురాలైన మేరీ రాబిన్‌సన్ దేశం వదిలి వెళ్లినవారి కోసం తన అధికార నివాసం కిటికీలో దీపం పెట్టించింది. 1995 ఫిబ్రవరిలో పార్లమెంటు ఉభయ సభలను ఉద్దేశించి ప్రసంగిస్తూ, ప్రపంచంలో ఐరిష్ మూలాలు చెప్పుకునే 7 కోట్ల మందిని ఐర్లాండ్ కథలో భాగంగా చూడాలని కోరింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
3. 'స్కిబరీన్' పాటకూ లేడీ డఫెరిన్ పాటకూ ప్రధానమైన తేడా ఏమిటి?
4. సామూహిక స్మృతి అంటే ఏమిటి?

14.6 పాటలు చెప్పని విషయాలు

జ్ఞాపకం ఎప్పుడూ కొన్నింటిని ఎంచుకుంటుంది, కొన్నింటిని విడిచిపెడుతుంది. ఐరిష్ వలస గీతాలు విడిచిపెట్టిన మూడు విషయాలను గమనించండి.

మొదటిది, కుటుంబం పాత్ర. చరిత్రకారుడు కెర్బీ మిల్లర్ 1985లో ప్రచురించిన 'ఎమిగ్రెంట్స్ అండ్ ఎగ్జైల్స్' గ్రంథంలో, ఐరిష్ వారు వలసను తమ నిర్ణయంగా కాక, తమ మీద పడిన బహిష్కారంగా భావించారని నిరూపించడానికి వేలాది ఉత్తరాలను పరిశీలించాడు. ఐరిష్ భాషలో వలస వెళ్లినవాణ్ణి సూచించే 'ద్యోరీ' అన్న మాటకే దేశం పోగొట్టుకున్నవాడు అనే అర్థం ఉంది. కరువు సంవత్సరాల్లో ఇది అక్షరాలా నిజం. కాని 1880లో ఇల్లు వదిలిన కుర్రవాణ్ణి ఎక్కువ సందర్భాల్లో భూస్వామి వెళ్లగొట్టలేదు. అన్నకు కమతం దక్కింది కాబట్టి వెళ్లాడు. అతని ప్రయాణానికి కావలసినవి సర్దింది తల్లే, ఏడ్చిందీ తల్లే. బేదఖలైన పేదల నేలను బలమైన ఐరిష్ రైతులు కలుపుకున్నారన్న సంగతి కూడా పాటల్లో అరుదు. నేరమంతా పరాయివాడి మీద పెట్టడం వల్ల, ఇంట్లో ఎవరూ ఎవరినీ నిందించుకోకుండా వీడ్కోలు చెప్పుకోగలిగారు. పాట చేసిన మేలు అది, దాచిన నిజమూ అదే.

రెండవది, స్త్రీలు. కరువు తరవాత వలస వెళ్లినవారిలో ఇంచుమించు సగం మంది స్త్రీలు, వారిలో ఎక్కువమంది పెళ్లికాని యువతులు. ఇతర యూరప్ దేశాల్లో ఇంత నిష్పత్తి కనిపించదు. అమెరికా ఇళ్లలో పనిమనుషులుగా చేరి, జీతం కూడబెట్టి ఇంటికి డబ్బు, తోబుట్టువులకు టికెట్లు పంపింది వీరే. 1892 జనవరి 1న ఎల్లిస్ ఐలండ్ కేంద్రం తెరిచినప్పుడు అక్కడ నమోదైన మొదటి వలసదారు కార్క్ జిల్లా నుంచి వచ్చిన ఆనీ మూర్ అనే అమ్మాయి. పాటల్లో మాత్రం స్త్రీ ఎక్కువగా ఒడ్డున నిలబడి ఏడుస్తూ కనిపిస్తుంది.

మూడవది, చనిపోయినవారు. కరువుకు ఎక్కువగా బలైనది భూమిలేని కూలీలు, చిన్న కౌలుదారులు. వారిలో చాలామంది మాట్లాడేది ఐరిష్ భాష. ఓడ టికెట్టు కొనే స్తోమత కూడా వారికి లేదు. వాటర్‌ఫర్డ్ జిల్లాలోని రింగ్ ప్రాంతానికి చెందిన మాయ్‌రా నీ ఘ్రోమా ఐరిష్ భాషలో కట్టిన 'నల్లబారిన దుంపల పాట' వంటివి కరువును దగ్గర నుంచి చూసిన గొంతును మనకు అందిస్తాయి. అవి తక్కువ. ప్రసిద్ధి పొందిన పాటల్లో ఎక్కువభాగం బతికి బయటపడినవారివి, ఇంగ్లీషులో రాసినవి.

14.7 పాటను ఆధారంగా వాడే పద్ధతి

పై చర్చ ఆధారంగా, ఏ పాటనైనా చారిత్రక ఆధారంగా తీసుకునేముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

1. ఎవరు, ఎప్పుడు కట్టారు? పాటలోని కాలాన్నీ, పాట పుట్టిన కాలాన్నీ వేరుచేయాలి.
2. ఎక్కడ, ఎవరి ముందు పాడారు? జాగారంలో పాడిన పాట, నిధుల సేకరణ సభలో పాడిన పాట మాటల్లో ఒకటే అయినా పనిలో ఒకటి కాదు.
3. ఏం మారింది? ఒకటికి మించి పాఠాలు దొరికితే ఏది సరైనదని మాత్రమే కాక, మార్పు ఎందుకు జరిగిందని అడగాలి.
4. ఏం చెప్పలేదు? జనాభా లెక్కలు, ఉత్తరాలు, కౌలు పత్రాలతో పోల్చినప్పుడే ఇది బయటపడుతుంది.

ఉత్తరాలు, పాటలు కలిసిన మంచి ఉదాహరణ 'కిల్‌కెల్లీ'. మేయో జిల్లాలోని ఆ ఊరి నుంచి ఒక తండ్రి అమెరికాలో ఉన్న కొడుక్కి 19వ శతాబ్దం రెండవ భాగంలో పంపిన ఉత్తరాలు వారసుల ఇంటి అటకమీద దొరికాయి. వాటిని తండ్రి తరఫున ఊరి బడిపంతులు రాసిపెట్టేవాడు. వాటి ఆధారంగా 20వ శతాబ్దం చివరి భాగంలో ఆ వంశంవాడే పాట కట్టాడు. పంటలు, పెళ్లిళ్లు, చావులు, ఒక్కసారి వచ్చి పొమ్మన్న అడుగు తప్ప ఇందులో మరేమీ లేదు. ఇక్కడ పాట పక్కన పత్రం కూడా నిలిచింది కాబట్టి, ఏది తండ్రి మాటో, ఏది మునిమనుమల తరం బాధో మనం వేరుచేసి చూడవచ్చు.

అభ్యాసం: మీ ఇంట్లోగాని, మీ ఊళ్లోగాని పనికోసం దూరం వెళ్లినవారిని గురించి పాడుకునే పాట ఏదైనా ఉంటే, పాడేవారి దగ్గర కూర్చొని రాసుకోండి. అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో, పాడినప్పుడు ఎవరు గుర్తుకు వస్తారో అడగండి. పై నాలుగు ప్రశ్నలకు జవాబులు ఒక పుటకు మించకుండా రాసి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.

14.8 సారాంశం

1845–52 కరువు, బేదఖళ్లు, ఆ తరవాత మారిన వారసత్వ పద్ధతి ఐర్లాండ్‌ను వలసల దేశంగా మార్చాయి. జాగారాల్లో, సంతల్లో, అమెరికా సభల్లో పాడిన కథాగేయాలు ఈ అనుభవానికి రూపమిచ్చాయి. వాటిని కట్టినవారిలో వలసదారులతో పాటు భూస్వామి ఇంటి స్త్రీ, ఆంగ్ల న్యాయవాది, శతాబ్దం తరవాతి రచయిత కూడా ఉన్నారు. సంఘటన వివరాల్లో ఈ పాటలను నమ్మలేం. ఒక సమాజం తన నష్టాన్ని ఎలా గుర్తుంచుకుందో, ఆ జ్ఞాపకంతో ఏం చేసిందో తెలుసుకోవడానికి మాత్రం ఇవి విలువైన ఆధారాలు. గ్డాన్‌స్క్ స్టేడియంలో పాడినవారి పాట 1847కు సాక్ష్యం కాదు. 1847 ఇంకా ముగియలేదనడానికి సాక్ష్యం.

14.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. భూమిని పిల్లలందరికీ పంచకుండా ఒక్క కొడుక్కే అప్పగించే ఆచారం బలపడటం.
2. అమెరికా వెళ్లేవారికి ముందురాత్రి బంధుమిత్రులు చేసే వీడ్కోలు జాగారం. శవ జాగారాన్ని పోలి ఉండేది.
3. మొదటిదానిలో నేరస్థుడు, ప్రతీకారం ఉన్నాయి. రెండవదానిలో దుఃఖం మాత్రమే ఉంది.
4. కుటుంబం, మతం, వర్గం వంటి సమూహాల చట్రంలో ఏర్పడి నిలిచే జ్ఞాపకం.

14.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఐరిష్ వలస గీతాలు సామూహిక స్మృతిని రూపొందించిన తీరును ఉదాహరణలతో వివరించండి.
2. 'వలస గీతం దాచిన నిజం కూడా చరిత్రకారుడికి ఆధారమే' – చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 1847లో బ్రిటిష్ ప్రభుత్వ కరువు సహాయ విధానం ఎలా మారింది?
2. 'స్పాన్సిల్ హిల్' పాట వ్యాపించేటప్పుడు జరిగిన మార్పుల ప్రాముఖ్యం ఏమిటి?
3. ఐరిష్ వలసల్లో స్త్రీల పాత్రను తెలపండి.